చివరి అక్షరాలు

జూన్ 9, 2025

మళ్లీ పోయింది. మాస్టారి ఆత్మకథ కొడుతుంటే, ఐదో అధ్యాయం మధ్యలో. మానిటర్ తీగ కాస్త కదిలిందంతే. తెర నల్లబడింది. కాసేపటికి లాగిన్ పేజీ వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. రైటర్ లేదు, స్కాన్ పేజీలు లేవు, టెర్మినల్ లేదు. పది నిమిషాలకోసారి ఫైలు తనంతట తనే సేవ్ అవుతుంది కాబట్టి ఎక్కువ పోలేదు. కానీ పోయినదాంట్లో ఆ వాక్యం ఉంది. మాస్టారు కొట్టేసి, పక్కన సన్నగా రాసి, దాన్నీ సగం కొట్టేసిన వాక్యం. పేజీని ఎంతో పెద్దది చేసి, ఒక్కో మాటా కూడగట్టుకున్నా. ఇప్పుడు మళ్లీ ఆ గీతల మధ్య వెతుక్కోవాలి.

ఏది ఎప్పుడు పోతోందో ఇక రాసి పెట్టుకుంటాను. కాగితం మీదైతే ఉంటుంది.

జూన్ 11

బెంగళూరు నించి తమ్ముడు. "హాయిగా విండోస్ వేసుకోవచ్చుగా అక్కా. ఈ లైనక్స్‌తో నీకీ తిప్పలెందుకు?"

డబ్బు సంగతి చెప్పొచ్చు. లాప్‌టాప్ పాతదని చెప్పొచ్చు. రెండూ నిజమే. అసలు కారణం అవి కావు. ఇందులో ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో లోపలికి వెళ్లి చూడొచ్చు. ఎవరూ ఆపరు. చూస్తే నాకు అర్థమవుతుందా... అది తర్వాత. ఆ మాట వాడితో ఫోన్లో ఎలా చెప్పాలో తెలియక, "చూద్దాంలేరా" అన్నాను.

జూన్ 14

లాగ్ చదివాను. పడిపోయింది కంపోజిటర్. సిగ్నల్ 11. తనది కాని మెమరీ మీద చెయ్యి వేసింది, కెర్నెల్ అక్కడికక్కడే ఆపేసింది. ఎక్కడ వేసిందో చెప్పాల్సిన వరుసల్లో అన్నీ ప్రశ్నార్థకాలే. డీబగ్ సింబల్స్ లేవు కదా మరి.

వేలాండ్‌కి మారక ముందు, పాత ఎక్స్ మీద ఉన్నప్పుడు ఇలా అయ్యేది కాదు. విండో మేనేజర్ పడిపోతే విండోల పైపట్టీలు పోయేవి, విండోలు ఉండేవి. ఒక కమాండ్ కొడితే పట్టీలు తిరిగొచ్చేవి. రాతకేమీ అయ్యేది కాదు. వేలాండ్‌లో విండోలను అమర్చేదీ కంపోజిటరే, తెరకెక్కించేదీ అదే. నడిమి దూలం విరిగిన ఇల్లు, ఏ గది మిగుల్తుంది?

జూన్ 19

పట్టీ మీద గడియారం ఆగింది. మౌస్ కదులుతోంది, రైటర్ నడుస్తోంది, పాట వస్తోంది. గడియారం ఒక్కటే 4:10. పట్టీని చంపి మళ్లీ లేపాను, కదిలింది. ఎందుకు ఆగిందో?

చిన్నదే. కానీ ఇలాంటివి పోగయ్యాక చెయ్యి కీబోర్డు మీద ధైర్యంగా ఆడదు. మనసులో సగం మాస్టారి వాక్యం మీద, సగం తెర మీద.

జూన్ 24

మొదటి నాలుగు అధ్యాయాల ప్రింటు మాస్టారికి పంపి వారమైంది. పొద్దున్నే ఫోన్.

"ఏమ్మా, నేను 'వెళ్ళాను' అని రాస్తే నువ్వు 'వెళ్ళా' అని కొట్టావేం?"

"నేను మార్చలేదండీ మాస్టారూ."

"ఒకచోట కాదమ్మా. పుస్తకంలో అట్లా మాట్లాడను నేను. బళ్లో పిల్లలకి చెప్పినట్టే రాశాను."

ఆయన గొంతులో కోపం లేదు. నొచ్చుకున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది. రాతప్రతి తీసి చూశాను. స్పష్టంగా 'వెళ్ళాను'. ఆ 'ను' నా వేళ్ల కింద నించి ఎక్కడికి పోయింది?

జూన్ 25

రోజంతా వెతుకులాట. 'మా నాన్న చెప్పాడు' అన్నది 'మా నాన్న చెప్పా' అయింది. 'తమ్ముడు వస్తాడు' అన్నది 'తమ్ముడు వస్తా'. అన్నీ మాట చివరే. ఒక్కో మాటకు ఒక్క అక్షరం.

స్పెల్ చెకర్ ఒక్కదాని కింద కూడా ఎర్రగీత వెయ్యలేదు. వెయ్యదు కూడా. 'వస్తా' మంచి తెలుగే. 'చెప్పా' మంచి తెలుగే. 'రాలే' అని ఉంటే వరంగల్లు వాళ్లు చదివి తప్పనుకోరు. ఎవరు వచ్చారు, వచ్చారా రాలేదా, మనకి అంతా మాట చివర్నే కదా ఉండేది. అదే పోతోంది. మిగిలింది మాత్రం నిండు మాటలాగే కనిపిస్తోంది.

జూన్ 26

ఐదో అధ్యాయం తెరవాలంటే భయమేసింది. దివిసీమ ఉప్పెన. 1977 నవంబర్ 19. మాస్టారు అప్పుడు అవనిగడ్డ వైపు ఒక పల్లె బళ్లో. నీళ్లు తీశాక హాజరు పట్టీ ముందు పెట్టుకుని, ఎవరున్నారు ఎవరు లేరు అని ఒక్కో పేరూ చదివిన పేజీ అది. ఆ పేర్లన్నీ వరసగా రాశారు.

చూశాను. కొన్ని పేర్లకు చివర అక్షరం లేదు. 'రావు' 'రా' అయింది. ఒకచోట 'ఆమె తిరిగి రాలే'.

ఇవాళ ఇక చెయ్యలేను.

జూన్ 29

తెలిసింది. పోయినవన్నీ రాతప్రతిలో పేజీ చివర్లు. లేదా మాస్టారి దస్తూరి అర్థం కాని చోట్లు. అంటే నేను ఆగి, స్కాన్ ఉన్న విండోలోకి వెళ్లి చూసి వచ్చిన చోట్లు.

రోమన్ పద్ధతిలో కొడితే ఆఖరి అక్షరం కింద సన్నటి గీత ఉంటుంది, తర్వాతి మీట నొక్కేదాకా. ఇంకా రాతలో కలవలేదని గుర్తు. 'ను' కొట్టి స్పేస్ నొక్కకుండా పక్క విండోలోకి వెళితే, తిరిగొచ్చేసరికి గీతా ఉండదు, 'ను' కూడా ఉండదు.

ఎన్ని నెలలుగా ఇలా తింటోంది? ఇంతకు ముందు చేసిన కవితల పుస్తకం సంగతి? అది అచ్చయిపోయింది కూడా.

జూలై 1

కావాలని చేసి చూశాను. మాట కొట్టు. స్పేస్ వద్దు. ఆల్ట్-ట్యాబ్. తిరిగి రా. పోయింది. మళ్లీ. పోయింది. కొత్త యూజర్ అకౌంట్ చేసి, సెట్టింగులేవీ ముట్టకుండా చూశాను. పోయింది. మూలన నోటిఫికేషన్ వచ్చి ఫోకస్ లాక్కున్నా అంతే. టెక్స్ట్ ఎడిటర్‌లో మాత్రం పోవడం లేదు. అక్షరం నిలిచే ఉంది. ఎందుకో?

ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న మనిషి జేబులో చెయ్యి పెడుతుంటే ఇవాళ పట్టుకున్నట్టుంది.

జూలై 2

నిద్ర పట్టలేదు. లేచి రాస్తున్నా.

డెస్క్‌టాప్ కూలిపోవడం మీద ఇన్నాళ్లూ కోపం. కూలితే తెలుస్తుంది. తెర నల్లబడుతుంది, తిట్టుకుంటాం, మళ్లీ కొడతాం. ఇది అలా కాదు. ఒక పెద్దాయన బతుకంతా గుర్తు తెచ్చుకుని రాసిన దాంట్లోంచి ఒక్కో అక్షరం చడీచప్పుడు లేకుండా తీసేస్తోంది. మనిషి కొట్టిన అక్షరం పారెయ్యడం కంటే పెద్ద తప్పు ఏ సాఫ్ట్‌వేరైనా చెయ్యగలదా? దీన్ని 'చిన్నది' అన్న వరసలో పెడతారేమో. పెట్టనివ్వను.

జూలై 6

బగ్ రిపోర్టు రాశాను. ఇంగ్లిష్‌లో కోపం లేకుండా రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. వెర్షన్లు, ఏ సెషన్, ఏ ఇన్‌పుట్ మెథడ్, ఏ వరసలో ఏం నొక్కాలి, ఏం రావాలి, ఏం వస్తోంది. ఫోన్లో వీడియో తీసి జత చేశాను. వేళ్లు కూడా కనపడేట్టు.

'రాలేదు', 'రాలే' పక్కపక్కన పెట్టి, మొదటిది ఆమె రాకపోవడం, రెండోది సగంలో తెగిన మాట అని రాశాను. ఉప్పెన సంగతి రాసి, తీసేశాను. జాలి కోసం రాసినట్టు ఉండకూడదు.

జూలై 12

జవాబు. 'మా దగ్గర అలా జరగడం లేదు.'

ఇంగ్లిష్ కీబోర్డు మీద చూశారట. అందులో గీత అన్న దశే లేదు, ఏ మీట నొక్కితే ఆ అక్షరం నేరుగా పడిపోతుంది. లేనిది ఎట్లా పోతుంది? మర్యాదగానే రాశారు. జీతం లేని పని, ఆదివారం కూర్చుని చూసి ఉంటారు. కానీ నా వీడియో తెరిచి ఉండరు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. రోజుల్లో సరిచేశారు. ఎందుకంటే అక్షరం మనదైనా, పోయిన ఫోన్లు అందరివీ. ఇక్కడ పోయేది తెలుగు కొట్టేవాళ్లదే. మేం ఎంతమందిమి? అందులో చూసుకునేవాళ్లెవరు? చూసుకున్నా, చెప్పేవాళ్లెవరు?

జూలై 13

మేం ఒక్కళ్లమే కాదు. పాత రిపోర్టులు వెతికితే జపాన్ వాళ్లవి దొరికాయి. చైనా వాళ్లవీ, కొరియా వాళ్లవీ. జపాన్ వాళ్లకైతే ఒక్క అక్షరం కాదు, పదాలకు పదాలే గీత మీద ఉంటాయట. ముందు కనాలో కొట్టి, తర్వాత కంజీ ఎంచుకునేదాకా. విండో మారితే అంతా పోతుంది. ఒకాయన రాసిన తీరు చూస్తే నా జూలై 2 గుర్తొచ్చింది.

ఎక్కడో ఒక మనిషి, ఇదే గీత కింద, ఇలాగే...

నా రిపోర్టు కింద వాళ్ల రిపోర్టులకు లింకులు ఇచ్చాను.

జూలై 20

ఎక్స్ సెషన్‌లోకి మారాను. అదే డెస్క్‌టాప్, లాగిన్ దగ్గర ఎంచుకోవడమే. ఇక్కడ 'ను' పోవడం లేదు. విండో మారే ముందే రాతలో కలుస్తోంది. తెర కాస్త చిరుగుతోంది, స్క్రోల్ చేస్తుంటే. చిరగనీ.

ఐదో అధ్యాయం మొదట్నించి మళ్లీ కొట్టాను. పేర్లన్నీ రాతప్రతితో పోల్చి పైకి చదివాను, ఒంటరిగా, గదిలో.

జూలై 22

మాస్టారికి చెప్పాను, ఏం జరిగిందో. విన్నారు. "అంటే అది మింగేస్తోందన్నమాట" అన్నారు. కాసేపు ఆగి, "మరి మిగతా వాళ్లవో?" అన్నారు.

ఆయన ప్రశ్న నాకు తట్టలేదు ఇన్నాళ్లూ అంత సూటిగా.

ఆగస్టు 3

పెట్టె సర్దుతుంటే పాత సీడీలు. తెనాలి డీటీపీ సెంటర్లో పనిచేసిన రోజులవి. పేజ్‌మేకర్ ఫైళ్లు. ఒకదాంట్లోంచి ఎలాగో పాఠం లాగాను. తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాలూ, చుక్కలూ, యూరప్ భాషల గుర్తులూ. అప్పటి అను ఫాంటు ఉంటేనే తెలుగు, లేకపోతే చెత్త. ఆ రచయిత లేరు, ఆ ప్రచురణ లేదు. ఒక్క ప్రతి ఎవరింట్లోనన్నా ఉంటే ఉన్నట్టు.

యూనికోడ్‌కి వచ్చింది ఇందుకే. ఎవరి ఫాంటూ అక్కర్లేకుండా 'క' 'క'గానే ఉండాలని. ఆ ఒడ్డుకి చేరాక ఇప్పుడు ఇది.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. లాప్‌టాప్ తెరవలేదు. మధ్యాహ్నం పడుకుంటే కలలో కూడా గీత.

ఆగస్టు 17

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆలోచిస్తే ఇదే దారి. దీనికి ఇన్‌పుట్ మెథడ్‌తో పనిలేదు. ఉత్త కీబోర్డు లేఅవుట్. మీట నొక్కితే ఒక యూనికోడ్ అక్షరం నేరుగా రాతలో పడుతుంది, ఇంగ్లిష్‌కి పడ్డట్టే. గీత లేదు. గీత లేకపోతే పోయేదీ లేదు. 1991 నించి భారత ప్రమాణంలో ఉంది, ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. ఎవరూ వాడరు.

ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి ఎక్కువగా హల్లులు. క కి కే, త కి ఎల్, ర కి జే. డి మీద పొల్లు. ఒత్తు రావాలంటే ముందు పొల్లు కొట్టాలి. అను కీబోర్డు మీద ఇన్నేళ్లు తిరిగిన వేళ్లు, తర్వాత రోమన్‌కి మళ్లాయి, ఇప్పుడు మూడో దారి. 'అమ్మ' కొట్టడానికి ఎంతసేపు పట్టిందో.

ఆగస్టు 27

వినాయక చవితి. పందిరి మైకు మా కిటికీ వైపే. 'విఘ్నేశ్వరుడు' ఇన్‌స్క్రిప్ట్‌లో తడుముకోకుండా కొట్టాను. ఘ దగ్గర వేలు వెతుక్కోలేదు.

సెప్టెంబర్ 5

అప్‌డేట్ తర్వాత ఎలా ఉందో చూద్దామని వేలాండ్ సెషన్‌లోకి వెళ్లాను. మూత మూసి తెరిస్తే నల్లతెర. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 కొడితే నల్లటి కన్సోల్ వచ్చింది. అంటే మెషీన్ బతికే ఉంది, పైది చచ్చింది. అక్కడి నించే కోర్ డంప్ తెరిచాను. డీబగ్ సింబల్స్ సర్వర్ నించి దిగే ఏర్పాటు మొన్న చేసుకున్నా. ఈసారి ప్రశ్నార్థకాలు లేవు. ఫంక్షన్ పేర్లు, ఫైలు పేర్లు, వరస నంబర్లు. మానిటర్ పోయిందని తెలిశాక కూడా దాని మీద ఏదో గియ్యబోయింది. జూన్‌లో తీగ కదిలినప్పటిదీ ఇదేనా?

రిపోర్టు పెట్టాను. సాయంత్రానికే ఎవరో 'ఇది మాకు తెలుసు, వచ్చే విడుదలలో ఉంటుంది' అన్నారు. అంతే. ఇంత తేలికా, వరసలు స్పష్టంగా ఉంటే?

సెప్టెంబర్ 18

నిన్న గ్నోమ్ 49 వచ్చింది. ఎక్స్ సెషన్ డిఫాల్ట్‌గా ఆపేశారు. నేను వాడేది అది కాదు. కానీ గాలి అటే వీస్తోంది. మిగతావీ ఒక్కొక్కటే వెళ్తాయి. నేను తలదాచుకున్న చోటు ఇంకెన్నాళ్లు?

ఎక్స్‌ది తప్పు లేదనను. 1987 నాటి ఎక్స్11. అందులో ఏ ప్రోగ్రామైనా పక్క ప్రోగ్రాములో కొట్టేదంతా వినగలదు, బ్యాంకు పాస్‌వర్డుతో సహా. దాన్ని నిలబెట్టేవాళ్లు కూడా తగ్గిపోయారు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేలాండ్ మొదలుపెట్టడానికి కారణాలున్నాయి. వెళ్లాల్సిందే. సామాను మొత్తం చేరాక వెళ్లాలంటున్నా. 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చినప్పుడూ ఇదే గోల, సగం చెక్కిన బొమ్మను పీఠమెక్కించారని. 2011లో గ్నోమ్ 3 వస్తే లైనస్ టోర్వాల్డ్స్ అంతటి మనిషి విసుగెత్తి ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారాడు. మేట్, సినమన్ ఆ గొడవల్లోంచే వచ్చాయి. ఆయనకి చోటు దొరికింది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆయనకి కావలసినవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి.

సెప్టెంబర్ 26

ఇన్నాళ్లకి గీత సంగతి మీద కొత్త మనిషి. వీడియో చూశానన్నారు, వేళ్లతో సహా. వేలాండ్ డీబగ్ పెట్టి, ఆ ప్రోగ్రామును టెర్మినల్ నించి తెరిచి, వచ్చిందంతా పంపమన్నారు.

పెట్టాను. వేలాండ్ సెషన్‌లోకి వెళ్లి, రోమన్ పద్ధతిలో మీట నొక్కగానే వరసలు వరసలుగా. అందులో నా 'ను'. ప్రీఎడిట్ అని, కోట్ గుర్తుల మధ్య, నిండుగా తెలుగులో. దాని కింద వరసలో 'లీవ్'. 'కమిట్' రాలేదు. అంతే. పోయిన క్షణం కళ్లారా చూశాను. ఎంత చిన్న చోటు!

ఆ ప్రోటోకాల్ చదివాను, టెక్స్ట్-ఇన్‌పుట్ మూడో రూపం. ఫోకస్ పోతే ప్రోగ్రాము తన దగ్గరున్న ప్రీఎడిట్‌ను తుడిచెయ్యాలనే ఉంది. అంటే ఎవరూ దారి తప్పలేదు. రాసి ఉన్నట్టే చేస్తున్నారు.

సెప్టెంబర్ 27

రాత్రంతా అదే ఆలోచన. జపాన్ వాళ్లకి గీత మీదున్నది ఇంకా తేలని మాట. ఏ కంజీనో ఎంచుకోలేదు. దాన్ని రాతలో కలపడం సరి కాదని ఎవరైనా అనుకుంటే అర్థం ఉంది. వాళ్లలోనే పోవద్దనేవాళ్లూ ఉన్నారు, సరే. మాకు గీత మీదున్న 'ను' తేలిపోయిన 'ను'. దానికి ఇంకో రూపం లేదు, ఎంచుకునేదేమీ లేదు. 'ఉ' ఇంకా దీర్ఘమవుతుందేమోనని ఆగి ఉంది, అంతే. ఒకే గీత. కింద రెండు వేర్వేరు సంగతులు. నియమం రాసేటప్పుడు రెండోది బల్ల దగ్గర లేదు.

ఇదంతా రాశాను. ఇన్‌పుట్ మెథడ్ తుడిచెయ్యక ముందు కలిపెయ్యాలా, టూల్‌కిట్ తనే కలుపుకోవాలా, అది వాళ్లు తేల్చుకోవాలి. ఎక్కడో ఒకచోట కలపాలి.

అక్టోబర్ 2

దసరా. మాస్టారి ఆఖరి అధ్యాయం అయింది. పుస్తకమంతా ఇన్‌స్క్రిప్ట్‌లో మరోసారి సరిచూసి, అచ్చు ఫాంటు 'మండలి' పెట్టాను. మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద చేసిన ఫాంటు. ఆయన నియోజకవర్గమూ అవనిగడ్డే. ఉప్పెన అధ్యాయం ఆ అక్షరాల్లో చూసి మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. పేజీలు తిప్పి పేర్ల దగ్గర ఆగారు. ఒక్కోదాని మీద వేలు పెట్టి చివరిదాకా చదివారు.

"అన్నీ ఉన్నాయమ్మా."

అక్టోబర్ 10

సెంటర్లో డీటీపీ అబ్బాయి వచ్చాడు. పధ్నాలుగుతో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగుతాయి, వాడి మెషీన్లకు 11 ఎక్కదు. "మీ లైనక్స్ మావాటిలో వేస్తారా అక్కా?"

ఎన్నాళ్లుగానో ఎవరో ఒకరు అడగాలని ఉండేది. అడిగాక మాట రాలేదు. పేజ్‌మేకర్, అను, రోజుకి పెళ్లి కార్డులు ఎన్ని, కరపత్రాలు ఎన్ని. అవి ఇక్కడ నడవవు. నడిపించినా నమ్మకం లేదు. వాడి పొట్టకూటి మీద ప్రయోగమా? షాపు మెషీన్లకు వద్దన్నాను. ఇంట్లో ఉన్న పాతదానికి వేసిస్తాను, నీ చెల్లెలికి ఇన్‌స్క్రిప్ట్ నేను నేర్పుతాను అన్నాను. సరేనన్నాడు.

వాడు వెళ్లాక దిగులేసింది. 'వేసుకో' అని ఒక్క ముక్కలో చెప్పగలిగే రోజు నేను చూస్తానా?

అక్టోబర్ 16

ఆ డీటీపీ అబ్బాయి చెల్లెలు వచ్చింది, పద్దెనిమిదేళ్ల పిల్ల. వేళ్లు చురుకు. ఎడమ చేతికి అచ్చులనగానే పట్టేసింది. "మరి దీన్ని ఎవరూ నేర్పరేం పిన్నిగారూ?" అంది.

అక్టోబర్ 21

ప్యాచ్ వచ్చింది. చిన్నది. ఫోకస్ పోతుంటే, తుడిచే ముందు, గీత మీదున్నదాన్ని రాతలో కలుపుతుంది. ఒక టూల్‌కిట్‌కి మాత్రమే. రెండోదాని వాళ్లు ఇంకా చర్చలో ఉన్నారు, నియమానికి విరుద్ధమని ఒకరు, కాదని ఒకరు.

పరీక్ష వెర్షన్ వేసి, వేలాండ్ సెషన్‌లోకి తిరిగొచ్చి, మళ్లీ రోమన్ పద్ధతి పెట్టుకున్నాను. వేళ్లు మొరాయించాయి, ఇప్పుడవి ఇన్‌స్క్రిప్ట్‌వి. 'రాలేదు' కొట్టి, స్పేస్ నొక్కకుండా వెళ్లి, వచ్చాను.

ఉంది.

మళ్లీ వెళ్లి వచ్చాను. ఉంది. నోటిఫికేషన్ తెప్పించి చూశాను. ఉంది. మానిటర్ తీగ పీకి చూశాను. తెర ఒక్క క్షణం రెపరెపలాడింది, నిలబడింది. ఇదీ సరయిందా, ఇవాళ అదృష్టమా?

అక్టోబర్ 25

ప్యాచ్ రాసిన మనిషి అడిగారు: తనకు తెలుగు చదవడం రాదు, ప్రతి విడుదలకీ ముందు తనంతట తనే పరీక్షించుకోవడానికి మాటలు ఇవ్వగలరా అని.

పొద్దున్నించీ అదే పని. కష్టమైన సమాసాలు రాసి కొట్టేశాను. మామూలు మాటలే ఉండాలి, రోజూ జనం కొట్టేవి. వెళ్ళాను. చెప్పాడు. రాలేదు. లక్ష్మి. రాష్ట్రం. స్త్రీ. జ్ఞానం. సాఫ్ట్‌వేర్, మధ్యలో కనపడని అక్షరం ఉంది కాబట్టి. ఒక్కోదాని పక్కన ఏ మీటలు ఏ వరసలో, ఏ మీట తర్వాత విండో మారాలి, చివరికి తెర మీద ఏం ఉండాలి. ఆ చివరిది బొమ్మగా ఇచ్చాను. చదవడం రాకపోయినా పోల్చుకోవచ్చు.

రెండో టూల్‌కిట్ చర్చలో కూడా ఇదే పట్టిక పెట్టాలి. కన్నడం వాళ్లకీ ఇదే జబ్బు ఉండాలి, మలయాళం వాళ్లకీ. వాళ్లెవరైనా ఇలాంటిది చేసి పెట్టుకున్నారా? రేపు అడగాలి. ఒక్కటిగా పంపితే బరువు ఉంటుంది.